పదహారుకి పాసు, పన్నెండుకి చీటీ: పీడన మధ్య పెరిగే పిల్లల నవలలు లోపల ఎలా నడుస్తాయి

మే 8న కాట్నిస్ ఎవర్డీన్‌కి పన్నెండేళ్లు నిండాయి. జనవరిలో నాన్న బొగ్గుగని ప్రమాదంలో పోయాడు. అమ్మ దిగులుతో మంచం దిగడం మానేసింది. ఇంట్లో గింజ లేదు. ఆ పుట్టినరోజు కోసం ఆ పిల్ల రోజులు లెక్కపెట్టుకుంది. పన్నెండు నిండితేనే సర్కారు దగ్గర పేరు రాయించుకుని, మనిషికి ఏడాదికింత అని ఇచ్చే ధాన్యం, నూనె తెచ్చుకోవచ్చు మరి. అందుకు బదులుగా, ఏటా జరిగే చావు ఆటకి ఎవరిని పంపాలో తేల్చే గాజు గోళంలో ఆమె పేరు మీద ఇంకో చీటీ పడుతుంది.

సుజాన్ కాలిన్స్ 2008లో రాసిన ‘ద హంగర్ గేమ్స్’లో ఈ లెక్క ఎక్కడా తప్పదు. పన్నెండేళ్లకి ఒక చీటీ తప్పనిసరి, పదమూడుకి రెండు, అలా పద్దెనిమిదికి ఏడు. తిండి కోసం తీసుకునే ఒక్కో వాటాకి ఒక్కో చీటీ అదనం. పాతవి తీసెయ్యరు, ఏటికేడు పేరుకుపోతాయి. కాట్నిస్ తనకీ అమ్మకీ చెల్లెలికీ కలిపి ఏడాదికి మూడు వాటాలు తెస్తుంది. పదహారేళ్లు వచ్చేసరికి వయసు చీటీలు అయిదు, తిండి చీటీలు పదిహేను, మొత్తం ఇరవై. ఆమె స్నేహితుడు గేల్‌కి పద్దెనిమిది. అయిదుగురి తిండి ఏడేళ్లుగా తెస్తున్నాడు కాబట్టి ముప్ఫై అయిదుకి ఏడు కలిపి నలభై రెండు. ఊరి మేయరు కూతురికి ఆ ధాన్యంతో పనిలేదు, కాబట్టి ఆమెవి అయిదే. అందరికీ ఒకటే చట్టం, అదే గోళం. ఆకలి ఉన్న ఇంటి చీటీలు మాత్రం నాలుగింతలు, ఎనిమిదింతలు.

ఈ లెక్క కల్పితం. అయినా కుర్రవయసు పిల్లల్ని పీడన మధ్యలో నిలబెట్టి రాసిన మంచి నవల ఏది తీసుకున్నా, అడుగున ఇలాంటి వయసు పట్టిక ఒకటి ఉంటుంది. ఎప్పటిదాకా నువ్వు పిల్లవి, ఎప్పటినుంచి కూలివి, ఏ వయసులో నీ మీద నిఘా మొదలవుతుంది, ఏ వయసొచ్చినా నువ్వు ఎవరివి కాలేవు అన్నది రాజ్యమో, భూస్వామో, మతపెద్దలో ముందే రాసిపెట్టేస్తారు. ఒంటికొచ్చే వయసు ఒకటి, వాళ్లు అంటగట్టే వయసు ఇంకొకటి. కథంతా ఈ రెండింటి తేడాలోనే నడుస్తుంది. పుస్తకం నిలబడేదీ కూలిపోయేదీ రచయిత ఈ తేడాని ఎంత నిక్కచ్చిగా పట్టుకున్నాడన్న దాని మీదే. విలన్ ఎంత క్రూరుడన్నది తర్వాతి సంగతి.

ముందు ఒక చిక్కుముడి విప్పుకోవాలి. ‘యంగ్ అడల్ట్’ అనేది పుస్తకాల షాపులో ఒక అర పేరు. అమెరికాలో 1967లో ఎస్.ఇ. హింటన్ ‘ది అవుట్‌సైడర్స్’ వచ్చాక ఆ అరకి ఒక రూపం వచ్చిందని చెబుతారు. ఆ పుస్తకం రాసేనాటికి ఆమె కూడా టీనేజరే. అక్కడి లైబ్రేరియన్లు ఇచ్చే న్యూబెరీ పతకం పద్నాలుగేళ్ల దాకా ఉన్న పిల్లల పుస్తకాలకి. 2000లో మొదలైన ప్రింట్జ్ అవార్డు పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్ల పుస్తకాలకి. మధ్యలో పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లు రెండింటిలోకీ వస్తారు. అందుకే ఒకే పుస్తకం ఒక బడిలో పిల్లల నవలగా, ఇంకో బడిలో యువతరం నవలగా కనిపిస్తుంది. కథ చెప్పే పాత్ర వయసు చూసి అర నిర్ణయిస్తే తప్పులో కాలేసినట్టే. కింద ఎక్కువ మాట్లాడుకోబోయే నవలలో కథ చెప్పే అమ్మాయికి తొమ్మిదేళ్లు. అయినా ఆ నవల పన్నెండు, పద్నాలుగేళ్ల మగపిల్లలు ఎలా ఎదుగుతారో, ఎలా కూలిపోతారో చెబుతుంది.

మిల్డ్రెడ్ డి. టేలర్ 1943లో మిసిసిపీలోని జాక్సన్‌లో పుట్టి, ఒహాయో రాష్ట్రంలోని టొలీడోలో పెరిగారు. తండ్రి నోట విన్న కుటుంబ కథలే ఆమె పుస్తకాలకి ముడిసరుకు. 1976లో వచ్చిన ‘రోల్ ఆఫ్ థండర్, హియర్ మై క్రై’కి మరుసటి ఏడాది న్యూబెరీ పతకం వచ్చింది. కథాకాలం 1933. లోగన్ కుటుంబం నల్లవాళ్లు, నాలుగు వందల ఎకరాల సొంత భూమి ఉన్నవాళ్లు. తాత 1887లో మొదటి రెండు వందల ఎకరాలు, 1918లో మిగతా రెండు వందలు కొన్నాడు. రెండో ముక్క మీద బ్యాంకు తాకట్టు ఇంకా తీరలేదు. పత్తి ధర పడిపోవడంతో తండ్రి డేవిడ్ లూసియానాలో రైలు పట్టాల పనికి పోతాడు. తల్లి మేరీ బడిలో ఏడో తరగతి టీచరు. పిల్లలు నలుగురు: పన్నెండేళ్ల స్టేసీ, తొమ్మిదేళ్ల క్యాసీ, ఏడేళ్ల క్రిస్టొఫర్-జాన్, ఆరేళ్ల లిటిల్ మేన్. చుట్టూ ఉన్న నల్ల కుటుంబాలు చాలావరకు కౌలు సేద్యం చేసేవాళ్లే, పంటలో సగం భూస్వామికి.

మొదటి అధ్యాయంలోనే బడి. ఆ బడి అక్టోబరులో తెరిచి మార్చిలో మూసేస్తారు, పత్తి విత్తడం మొదలయ్యేసరికి పిల్లలు చేలో ఉండాలి కాబట్టి. తెరిచాక కూడా పెద్దపిల్లలు చాలామంది కనబడరు. చేలో చివరి పత్తి ఏరేదాకా రారు, కొన్నాళ్లకి పూర్తిగా మానేస్తారు. మో టర్నర్ అనే కుర్రాడు బడికి నడిచి రావడానికి మూడున్నర గంటలు పడుతుంది, వెళ్లడానికి మళ్లీ అంతే. పక్కనుంచే తెల్లపిల్లల బడి బస్సు ఎర్రమట్టి చిమ్ముకుంటూ పోతుంటుంది. టేలర్ ఇవి ఉపన్యాసంలా చెప్పరు, నడకలో భాగంగా దొర్లించేస్తారు. వయసు పట్టిక మొదటి గీత అక్కడ పడిపోతుంది: ఇక్కడ బాల్యం పత్తి ఏరేలోపే అయిపోతుంది.

తర్వాత లిటిల్ మేన్ చేతికి ఒక పాఠ్యపుస్తకం వస్తుంది. ఆరేళ్ల వాడు, శుభ్రతంటే ప్రాణం. అట్ట మాసిపోయి, పేజీల అంచులు నలిగిపోయిన పుస్తకం చూసి వేరేది ఇమ్మంటాడు. టీచరు కుదరదంటుంది. వాడు పుస్తకం తెరిచి లోపలి అట్ట మీద అంటించిన పట్టిక చూస్తాడు. పుస్తకం ఎన్నోసారి, ఏ తేదీన ఇచ్చారు, ఎలాంటి స్థితిలో ఉంది, తీసుకున్న విద్యార్థి జాతి ఏది అని గళ్లు. 1922లో కొత్తది. ఏటా ఒక వరుస. పదకొండు వరుసల్లోనూ జాతి గడిలో తెల్లవాళ్లే. స్థితి మాత్రం వరుస వరుసకీ దిగజారుతుంది. పన్నెండో వరుస 1933 సెప్టెంబరు. స్థితి ‘మరీ అధ్వానం’, జాతి గడిలో నల్లవాళ్లని కించపరిచే మాట. పిల్లాడు పుస్తకాన్ని నేలకేసి కొట్టి దానిమీద ఎగురుతాడు, దెబ్బలు తింటాడు. క్యాసీ పట్టిక చూపించి తమ్ముడి కోపానికి కారణం చెప్పబోతే టీచరుకి ఎక్కదు. సాయంత్రం తల్లికి విషయం తెలుస్తుంది. ఆమె కాగితం కత్తిరించి, జిగురు రాసి, ఆ పట్టికల మీద అంటించేస్తుంది. తన తరగతి పుస్తకాలకీ అదే చేస్తుంది.

ఈ రకం నవలకి ఇంతకంటే మంచి పాఠం దొరకడం కష్టం. పీడన ఒక గడిలో ఉంది. దాన్ని ఆరేళ్లవాడు కూడా చదవగలడు. చదివాక వాడు చేసే పని ఆరేళ్లవాడి పనే, చైతన్యం వచ్చిన యోధుడి పని కాదు. తల్లి చేసేది పెద్దమనిషి పని: గొడవ లేకుండా, నిశ్శబ్దంగా, ఆధారం మిగిలేలా. ఆ జిగురు అక్కడితో ఊరుకోదు, తర్వాత కథలో ఎదురు తిరుగుతుంది.

ఊళ్లో వాలెస్ సోదరుల దుకాణం ఉంది. నల్లవాళ్లని కాల్చిన పని వాళ్లదేనని అందరికీ తెలుసు, నోరు మెదిపేవాడు లేడు. మేరీ, డేవిడ్ ఆ దుకాణం మానేసి విక్స్‌బర్గ్ నుంచి సరుకులు తెప్పించుకుందామని ఇరుగుపొరుగుని కూడగడతారు. చిక్కేమిటంటే కౌలుదార్ల దగ్గర రొక్కం ఉండదు. దుకాణంలో వాళ్ల ఖాతాకి హామీ ఉండేది భూస్వామి. ఆ హామీ లేకపోతే వేరే ఊళ్లో అప్పు పుట్టదు. జేమిసన్ అనే తెల్ల లాయరు హామీ ఉంటానని ముందుకొస్తాడు. కొన్నాళ్లు బహిష్కరణ నడుస్తుంది. ఆపైన ఒక్కొక్క మీటా కదులుతుంది. భూస్వామి హార్లన్ గ్రేంజర్ బడి బోర్డు మనిషిగా క్లాసులోకి వస్తాడు. పుస్తకంలో లేని బానిసత్వ చరిత్ర చెబుతోందని, బడి ఆస్తి అయిన పుస్తకాలకి కాగితాలు అంటించిందని మేరీ ఉద్యోగం తీసేస్తారు. కౌలుదార్లకి ఇకమీదట పంటలో సగం కాదు, నూటికి అరవై వంతులు అని కబురు వస్తుంది. అదీ విత్తనం పడ్డాక, ఇంకా ఎక్కువ విత్తుకునే వీలు లేనప్పుడు. పాత బాకీలకి జైలు భయం చూపిస్తారు. కుటుంబాలు ఒక్కొక్కటిగా తప్పుకుంటాయి. చివరికి బ్యాంకు తాకట్టు బాకీ మొత్తం ఒక్కసారే కట్టమంటుంది. ఉత్తరాదిలో ఉండే బాబాయి హామర్ తన ప్యాకర్డ్ కారు అమ్మి ఆ డబ్బు తెస్తాడు.

వరస చూడండి: బడి, దుకాణం, పంట వాటా, బ్యాంకు. ఎక్కడా గ్రేంజర్ కొరడా పట్టుకోడు. ఒకచోట ఎదిరిస్తే దెబ్బ ఇంకోచోట నుంచి వస్తుంది. ఏ మీటకి ఏ తాడు కట్టి ఉందో స్టేసీ, క్యాసీ ఒక ఏడాది పొడుగునా నేర్చుకుంటారు. వాళ్లు పెద్దవాళ్లవడమంటే ఇదే.

పిల్లలు సొంతంగా చేసే తిరుగుబాటు కూడా ఈ లెక్కలోనే పడుతుంది. వానాకాలంలో తెల్లపిల్లల బస్సు కావాలని తమ మీద బురద చిమ్మి, గట్టు ఎక్కేదాకా తరుముతుంటే విసిగిపోయిన స్టేసీ పథకం వేస్తాడు. మధ్యాహ్నం తిండి వేళలో పారలు, బొక్కెనలు తెచ్చి రోడ్డుకి అడ్డంగా గాడి తవ్వి నీళ్లు నింపుతారు. వాన దాన్ని చెరువు చేస్తుంది. సాయంత్రం బస్సు అందులో దిగబడి ఇరుసు విరిగి మూలపడుతుంది. పిల్లలు పగలబడి నవ్వుకుంటారు. ఆ రాత్రే తెల్లవాళ్ల కార్లు వరసగా వస్తాయి, లోగన్ ఇంటి వాకిట్లోకి తిరిగి మళ్లీ వెళ్లిపోతాయి. తమకోసమే వచ్చారని పిల్లలు వణికిపోతారు. నిజానికి ఆ గుంపు వెతుకుతున్నది టేటమ్ అనే వేరే మనిషిని. దుకాణం బిల్లులో లేని సరుకు ఎక్కించారని తెల్ల యజమానిని అబద్ధాలకోరు అన్నాడు, అందుకు ఒంటికి తారు పూసి ఈకలు అంటించారు. రచయిత్రి ఇక్కడ పిల్లల్ని శిక్షించరు, పొగడరు. నవ్వుకీ భయానికీ మధ్య ఒక్క రాత్రి దూరమే ఉందని చూపించి వదిలేస్తారు.

ఇక వయసు పట్టికలో అసలు గీత. స్టేసీకి జెరెమీ సిమ్స్ అనే తెల్లకుర్రాడు దగ్గరవుతాడు. మంచివాడు, బస్సెక్కకుండా వీళ్లతోపాటు నడిచే రకం. తండ్రి స్టేసీకి చెప్పేదాని సారం ఇది: ఇప్పుడు మీరిద్దరూ బాగానే ఉంటారు, ఇంకొన్నేళ్లలో అతను తనని మగాడిగా అనుకుంటాడు, నువ్వు మాత్రం అతని దృష్టిలో కుర్రాడిగానే మిగిలిపోతావు. ఈ వ్యవస్థలో నల్లవాడికి పెద్దరికం లేదు, ఏ వయసొచ్చినా. ఆడపిల్లలకి గీత ఇంకా ముందే పడుతుంది. స్ట్రాబెర్రీ అనే పట్నంలో క్యాసీ పొరపాటున తగిలితే, జెరెమీ అక్క లిలియన్ జీన్‌ని పేరుతో పిలవకూడదు, ‘మిస్’ అని గౌరవం ఇచ్చి క్షమాపణ చెప్పాలని ఆమె తండ్రి పట్టుబడతాడు. ఇద్దరూ బడి పిల్లలే. ఒకరికి పెద్దరికం వచ్చేసింది, ఇంకొకరికి ఎప్పటికీ రాదు.

ఈ పట్టికని చదవలేనివాడు స్టేసీ స్నేహితుడు టీజే. పద్నాలుగేళ్ల వాగుడుకాయ. తెల్లకుర్రాళ్లు ఇద్దరు భుజం మీద చెయ్యేసేసరికి తనకి పెద్దరికం వచ్చేసిందనుకుంటాడు. ముత్యపుచిప్ప పిడి పిస్తోలు మీద మోజుతో వాళ్లతో కలిసి దుకాణంలో దొంగతనానికి పోతాడు. ముఖాలకి ముసుగులు వేసుకున్న వాళ్లిద్దరూ యజమానిని కొట్టి చంపుతారు, నేరం టీజే మీద పడుతుంది. టీజేని చెడ్డపిల్లాడిగా చూపించడం సులువు. టేలర్ అలా చెయ్యలేదు. స్టేసీకి దొరికింది, టీజేకి దొరకనిది ఒక్కటే: విడమర్చి చెప్పే పెద్దవాళ్లు, కాళ్లకింద సొంత నేల. ఈ నవలలో మనసుని మెలిపెట్టేది కూడా నాకైతే టీజేనే.

ముగింపులో టీజేని ఉరితియ్యడానికి గుంపు బయల్దేరుతుంది. అదే వేళ లోగన్ల పత్తిచేలో మంటలు లేస్తాయి. తెల్లవాళ్లు, నల్లవాళ్లు అందరూ మంట ఆర్పడానికి పరిగెత్తుతారు. పంటలో నాలుగో వంతు బూడిదవుతుంది. పిడుగు వల్ల అంటుకుందని ఊరు అనుకుంటుంది. నిప్పు పెట్టింది నాన్నేనని క్యాసీకి అర్థమవుతుంది. ఆ విషయం మళ్లీ ఎప్పుడూ నోరెత్తి అనకూడదని కూడా అర్థమవుతుంది. టీజే తప్పించుకోలేదు, అరెస్టయ్యాడు. పన్ను కట్టే డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో తెలీదు. 1981లో వచ్చిన తర్వాతి నవల ‘లెట్ ద సర్కిల్ బీ అన్‌బ్రోకెన్’లో టీజే విచారణ జరుగుతుంది, శిక్ష పడుతుంది. స్టేసీ ఇంట్లో చెప్పకుండా డబ్బు కోసం లూసియానా చెరకు తోటల్లోకి పోతాడు.

వేరే దేశాలకి వెళితే ఇదే పట్టిక వేరే అంకెలతో కనిపిస్తుంది. దక్షిణాఫ్రికాలో 1952 చట్టం ప్రకారం పదహారేళ్లు నిండిన నల్లజాతి మగవాళ్లు పాస్‌బుక్, అంటే ఎక్కడ ఉండొచ్చో, ఎక్కడ పనిచెయ్యొచ్చో రాసిన గుర్తింపు పుస్తకం, వెంట పెట్టుకు తిరగాలి. తర్వాత ఆడవాళ్లకీ తప్పనిసరి చేశారు. యజమాని అందులో నెలనెలా సంతకం పెట్టాలి. అనుమతి లేకుండా పట్నంలో 72 గంటలు దాటి ఉండకూడదు. బెవర్లీ నాయిడూ 1985లో రాసిన ‘జర్నీ టు జోబర్గ్’లో పదమూడేళ్ల నలేది, తొమ్మిదేళ్ల తమ్ముడు టీరో, జబ్బుపడ్డ పసిచెల్లెలి కోసం మూడొందల కిలోమీటర్ల దూరంలో ఇళ్లలో పనిచేసే అమ్మని వెతుక్కుంటూ పోతారు. పిల్లలకి పాస్ వయసు రాలేదు, అయినా దారిలో పాసుల తనిఖీ కళ్లారా చూస్తారు. ఇంకొన్నేళ్లలో తమకి జరగబోయేది అదేనని తెలుస్తుంది. అమ్మ పనిచేసే ఇంటి అమ్మగారికి రాత్రి విందు ప్రయాణం ఉంది కాబట్టి చంటిబిడ్డ చావుబతుకుల్లో ఉన్నా అమ్మ తెల్లారేదాకా ఆగాలి. ఆ అమ్మగారిని రాక్షసిలా చూపించలేదు, ఆమెకి ఆ రాత్రి బయటికెళ్లే పని ఉంది, అంతే. (నాయిడూ అనే ఇంటిపేరు చూసి మనవాళ్లా అని అడిగేవాళ్లుంటారు. అది పెళ్లితో వచ్చిన పేరు. ఆవిడ జొహాన్నెస్‌బర్గ్‌లో తెల్లవారి కుటుంబంలో పుట్టి, జైలు చూసి, ఇంగ్లండ్‌లో ప్రవాసం ఉన్నారు.)

కాబూల్‌లో లెక్క తిరగబడుతుంది. కెనడా రచయిత్రి డెబొరా ఎల్లిస్ 2000లో రాసిన ‘ద బ్రెడ్‌విన్నర్’లో తాలిబాన్లు తండ్రిని పట్టుకుపోయాక పదకొండేళ్ల పర్వానా జుట్టు కత్తిరించుకుని, చనిపోయిన అన్న బట్టలు వేసుకుని, బజార్లో చదువురాని వాళ్లకి ఉత్తరాలు చదివిపెట్టి కుటుంబాన్ని పోషిస్తుంది. మగవేషానికి గడువుంది. ఒంట్లో మార్పు కనబడిన రోజున ఆ బతుకుతెరువు మూసుకుపోతుంది. మామూలు ఎదుగుదల కథల్లో పెద్దవ్వడం అంటే దారి తెరుచుకోవడం. ఇక్కడ పెద్దవ్వడం అంటే తలుపు పడిపోవడం. పర్వానా, ఆమెలాగే మగవేషంలో తిరిగే షౌజియా విడిపోయేటప్పుడు ఒక మాట అనుకుంటారు: ఇరవై ఏళ్ల తర్వాత, వసంతంలో మొదటి రోజున, పారిస్ ఈఫిల్ టవర్ పైన కలుసుకుందాం. గెలుపు కాదు, ఓటమీ కాదు. పదకొండేళ్ల పిల్లలకి మాత్రమే సాధ్యమయ్యే ఏర్పాటు.

ఇలాంటివి రాయబోయి చతికిలబడ్డ పుస్తకాలు లెక్కలేనన్ని. ఎక్కువగా జరిగే తప్పు, వ్యవస్థ మొత్తాన్ని ఒక మనిషి ముఖానికి తగిలించడం. ఆ మనిషి చచ్చిపోతే కథ ముగిసిపోతుంది, పాఠకుడు ఊపిరి పీల్చుకుంటాడు, వ్యవస్థ మాత్రం చెక్కుచెదరదు. మందు సులువే. విలన్‌ని కథలోంచి తీసేసి చూడండి. అయినా పిల్లకి బడి దొరకకపోతే, అప్పు తీరకపోతే, మీరు రాసింది వ్యవస్థ. తీసెయ్యగానే అన్నీ చక్కబడిపోతే మీరు రాసింది ఒక దుర్మార్గుడి కథ.

ఇంకో తప్పు కాలానికి సంబంధించింది. 1933లో ఉన్న పిల్ల నోట ఈనాటి హక్కుల భాష పలికించడం. క్యాసీకి కోపం ఉంది, సిద్ధాంతం లేదు. లిలియన్ జీన్ మీద కక్ష తీర్చుకోవడానికి నెల్లాళ్లు ఆమె పుస్తకాలు మోస్తూ, అణిగిమణిగి ఉన్నట్టు నటిస్తూ, ఆమె రహస్యాలన్నీ రాబట్టి, ఒకరోజు అడవిలోకి తీసుకెళ్లి జుట్టు పట్టుకుంటుంది. ఎవరికైనా చెబితే నీ గుట్టు బయటపెడతానంటుంది. తొమ్మిదేళ్ల పిల్లకి అందే ఆయుధం అదే.

బయటినుంచి ఒక దయగలవాడు వచ్చి గట్టెక్కించడం మూడోది. జేమిసన్ పాత్ర ఆ గోతి అంచుదాకా వెళ్లి ఆగుతుంది. హామీ సంతకం పెడతాడు, గుంపుని కాసేపు ఆపుతాడు, కానీ గెలిపించలేడు. రెండో నవలలో కోర్టులో టీజే తరఫున వాదించి ఓడిపోతాడు కూడా. సాయం చేసేవాడి బలానికి హద్దు ఎక్కడుందో చూపించగలిగితే ఆ పాత్ర ఉండొచ్చు. లేకపోతే వద్దు.

ఎదిరింపుకి ఖర్చు రాయకపోవడం అన్నిటికంటే ఇబ్బందైన లోపం. టేలర్ ప్రతి ధిక్కారానికీ చీటీ రాసినట్టు ధర వేస్తారు: కాగితం అంటిస్తే ఉద్యోగం, దుకాణం మానేస్తే పంటలో నూటికి పది వంతులు ఎక్కువ, ఒక ప్రాణం ఆపితే నాలుగో వంతు చేను. కాలిన్స్ చీటీల్లో చేసింది కూడా అదే. ఊహాలోకం కాబట్టి నియమం మొత్తం మొదట్లోనే చెప్పేయాల్సి వచ్చింది. చరిత్ర నవలలో నియమం అప్పటికే ఉంటుంది, పిల్ల దాన్ని ముక్కలు ముక్కలుగా కనుక్కుంటుంది. రెండో పద్ధతి నెమ్మది, కానీ ఎక్కువ నిలుస్తుంది.

ఈ పుస్తకాల మీద నిషేధాల గురించి మాట్లాడేటప్పుడు రెండు వేర్వేరు సంగతులు కలిపేస్తుంటారు. ‘జర్నీ టు జోబర్గ్’ని దక్షిణాఫ్రికా ప్రభుత్వం నిషేధించింది, 1991 దాకా అక్కడి పిల్లలకి అది చట్టప్రకారం దొరకలేదు. రాజ్యం తన బొమ్మ తాను చూసుకోలేక చేసిన పని అది. కాలిఫోర్నియాలోని బర్బాంక్‌లో 2020లో టేలర్ నవలతో సహా అయిదు పుస్తకాలని తప్పనిసరి పాఠాల్లోంచి పక్కన పెట్టారు. అక్కడ ఫిర్యాదు నల్లజాతి తల్లిదండ్రుల నుంచి కూడా వచ్చింది. పుస్తకంలో నల్లవాళ్లని కించపరిచే ఆ మాట క్లాసులో చదివాక తోటిపిల్లలు తమ పిల్లల్ని అదే మాటతో పిలుస్తున్నారన్నది వాళ్ల బాధ. మొదటిదానికి జవాబు పుస్తకం అచ్చెయ్యడమే. రెండోదానికి జవాబు పాఠం చెప్పే పద్ధతిలో ఉంది: ఆ మాటని పైకి చదవకుండా దాటెయ్యడం, చదివించేముందే అది ఎందుకుందో చెప్పడం, క్లాసులో ఒక్కరో ఇద్దరో ఉన్న నల్లపిల్లల్ని ‘మీకేమనిపిస్తుంది’ అని నిలబెట్టి అడగకపోవడం. రెండింటినీ ఒకే గాటన కట్టి సెన్సారని గోలపెట్టేవాళ్లు ఆ పిల్లల మాట వినిపించుకోనట్టే.

తెలుగులో ఈ అర లేదు. బాలసాహిత్యం పన్నెండేళ్ల దగ్గర ఆగిపోతుంది, ఆ తర్వాత నేరుగా పెద్దల నవలే. అలాగని ఆ గొంతు లేకపోలేదు. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’లో, ఎండ్లూరి సుధాకర్ ‘మల్లెమొగ్గల గొడుగు’లో కథ చెప్పేది పిల్లలే. గోగు శ్యామల కథ ఒకదానిలో ఊరిపెద్దలు జోగినిని చెయ్యబోతున్న కూతుర్ని తండ్రి ఊరు దాటించి హాస్టల్లో చేర్పిస్తాడు, ఆ తెగింపుకి ధర ఇంటిల్లిపాదీ కడతారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం 1988లో వచ్చింది. కానీ ఇవి కథలు, నవల పొడుగు లేదు. ఏడాది పొడుగునా మీటలు ఒక్కొక్కటిగా కదలడం చూపించాలంటే నవలే కావాలి.

రాయదలుచుకున్నవాళ్లు కాగితం మీద మొదట వేసుకోవాల్సింది వయసు పట్టిక. మన చట్టాల్లోనే అది సిద్ధంగా ఉంది. ఉచిత నిర్బంధ విద్య హక్కు ఆరు నుంచి పద్నాలుగు దాకా. 2016 సవరణ తర్వాత పద్నాలుగు లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదు, పద్నాలుగు నుంచి పద్దెనిమిది దాకా ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోకూడదు. అయితే బడి అయ్యాక, సెలవుల్లో, సొంత కుటుంబపు పనిలో సాయం చెయ్యొచ్చు. ఆడపిల్ల పెళ్లికి పద్దెనిమిది. పద్నాలుగో ఏట చదువుకునే హక్కు అయిపోతుంది, పనికి గేటు తెరుచుకుంటుంది, పెళ్లికి ఇంకా నాలుగేళ్లుంటుంది. నవల ఉండాల్సింది ఆ నాలుగేళ్లలోనే.

చోటు కావాలంటే కర్నూలు, గద్వాల వైపు సీడ్ పత్తి చేలు ఉన్నాయి. హైబ్రిడ్ విత్తనం కోసం ఆడ వరసల్లో విచ్చని మొగ్గలు చూసి సాయంత్రం పూట పుప్పొడి కేసరాలు గిల్లేస్తారు. మర్నాడు పొద్దున్నే మగ వరసల పూలు కోసుకొచ్చి ఆ కీలాగ్రాలకి రుద్దుతారు. దీన్ని అక్కడ క్రాసింగ్ అంటారు. ప్రతి పువ్వుకీ చేత్తోనే, వానాకాలం చివర్లో రెండు మూడు నెలలపాటు రోజూ. బళ్లు నడిచే రోజులే అవి. చిన్నవేళ్లయితే మొగ్గ నలగదన్న వంకతో ఈ పనికి ఏళ్ల తరబడి ఆడపిల్లల్నే ఎక్కువగా పెట్టుకున్నారు. కంపెనీకి రైతుకీ మధ్య ఆర్గనైజర్ ఉంటాడు, రైతుకి పెట్టుబడి, రైతు నుంచి పిల్ల తల్లిదండ్రులకి అడ్వాన్సు. కంపెనీ, ఆర్గనైజర్, రైతు, అమ్మానాన్న: నాలుగు మీటలు, వాటి వెనక నాలుగు తాళ్లు. ఇందులో రాక్షసుడు ఎవరూ లేరు. పైగా చేను సొంతదైతే ‘కుటుంబపు పని’ అన్న మినహాయింపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఎవరూ పట్టుకోలేరు.

చదివించడం విషయానికొస్తే, పదేళ్ల పిల్లలకి ‘జర్నీ టు జోబర్గ్’తో మొదలుపెట్టొచ్చు. చిన్న పుస్తకం, రెండు రోజుల్లో అయిపోతుంది. ‘ద బ్రెడ్‌విన్నర్’ పదకొండు, పన్నెండుకి బాగుంటుంది, కాకపోతే కొరడా దెబ్బలు, తవ్వితీసిన ఎముకలు ఉన్నాయని ముందే చెప్పి ఇవ్వాలి. టేలర్ నవల పన్నెండు దాటాకే, మొదటి మూడు అధ్యాయాలు పక్కన కూర్చుని చదివితే మంచిది. కౌలు, తాకట్టు, వాటా అంటే ఏమిటో తెలీకపోతే కథలో సగం జారిపోతుంది. మన ఊళ్ల పిల్లలకి ఈ ఇబ్బంది తక్కువ. లోగన్ పుస్తకాలు ఏ వరసలో చదవాలని అడుగుతుంటారు. తాత భూమి కొన్న కథ ‘ద లాండ్’ కాలం ప్రకారం మొదటిది, కానీ 2001లో వచ్చింది, కష్టమైన పుస్తకం. దాన్ని మొదట ఇస్తే పిల్లలు అక్కడే ఆగిపోతారు. అచ్చయిన వరసే మేలు: 1976, 1981, ఆ తర్వాత 2001. పెద్దయిన క్యాసీ కథ ‘ఆల్ ద డేస్ పాస్ట్, ఆల్ ద డేస్ టు కమ్’ 2020లో వచ్చింది, దాన్ని పదహారు దాటాక ఇవ్వండి.